మూతల్లేని బ్యాటరీ, అన్నీ తెలిసిన బావ

మా ఇంటి మగవాళ్ళకు కారు బానెట్ ఎత్తితే చాలు, మొహానికి ఎక్కడలేని కళ వస్తుంది. ఎత్తి, లోపలికి వంగి, నడుం మీద చేతులు పెట్టుకుని "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. మా ఆయనకైతే తనకు తెలియదన్న సంగతి తెలుసు. మా బావకు, అంటే మా ఆయన అన్నకు, ఆ సంగతి చెప్పే ధైర్యం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

కారు నాది. మేముండేది డోన్‌లో. నేను కోడుమూరు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆ పల్లెకు బస్సు ఉందంటే ఉంది, లేదంటే లేదు. రెండేళ్ళు బస్సులూ ఆటోలూ మారి మారి, ఒకసారి ఎండలో రోడ్డు పక్కన కళ్ళు తిరిగి కూర్చుండిపోయాక, కారు కొని నడపడం నేర్చుకున్నాను. మా ఆయనకు లైసెన్సు ఉంది గానీ నడపడు. పక్క సీట్లో కూర్చుని బ్రేకు ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్తాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో కారు నలభై రోజులు గేటు దాటలేదు. దాటలేదు గానీ ఊరికే లేదు. సాయంత్రమైతే మా ఆయన అందులో కూర్చుని పాటలు వినేవాడు. ఇంట్లో టీవీ ఉంది, చేతిలో ఫోన్ ఉంది, అయినా కారులో "సౌండే వేరు" అట. "ఇంజన్ ఆన్ చేసుకోండి, బ్యాటరీ దిగిపోతుంది" అంటే, "పాటలకు పెట్రోలు కాల్చేదా?" అని నన్నే దుబారా మనిషిని చేశాడు. బడి తెరిచే ముందురోజు, ఆదివారం పొద్దున తాళం తిప్పితే కారు ఒక్కసారి టిక్కుమని ఊరుకుంది.

"బజార్లో బ్యాటరీల అంగడి ఉంది కదా, ఫోన్ చేద్దాం" అన్నాను.

"అన్న ఉండంగా అంగడోళ్ళెందుకే?" అన్నాడు మా ఆయన.

బావ గురించి కొంచెం చెప్పాలి. ఆయన ఒకప్పుడు బోరు మోటార్లు రిపేరు చేసేవాడు. చేసిన మోటార్లలో సగం మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవి. దాన్ని ఆయన గిరాకీ అనుకునేవాడు. తర్వాత తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర ఒక కాంట్రాక్టరు జీపు ఎనిమిది నెలలు నడిపాడు. జీపులో మోసింది సూపర్‌వైజర్ల అన్నం క్యారియర్లు. గని గేటు దాటి లోపలికి ఎప్పుడూ పోలేదని వాళ్ళావిడే నాకు చెప్పింది. కానీ ఆ ఎనిమిది నెలల నుంచి ఆయనకు తెలియని యంత్రం భూమ్మీద లేదు. మిక్సీ చెడినా, ఫోన్ వేడెక్కినా, "యురేనియమే చూసినోణ్ణి, ఇదొక లెక్కనా?" అనేవాడు. మా చుట్టాలందరూ తలలూపేవాళ్ళు. యురేనియానికీ మిక్సీకీ సంబంధమేంటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది మర్యాద అనుకున్నాను.

పది గంటలకు బావ వచ్చాడు, స్కూటర్ మీద ముందర ఒక ఇనప డబ్బా పెట్టుకుని. మోటార్ల కాలం నాటి ఛార్జరు అది. పెయింటు పోయి తుప్పు పట్టి, ముందు ఒక ముల్లు మీటరూ, తిప్పే గుబ్బా ఉన్నాయి. రెండు వైర్లకూ నల్ల టేపే చుట్టి ఉంది.

"లారీ బ్యాటరీలు నాలుగు ఒక్కసారే ఎక్కిస్తాది ఇది" అన్నాడు, కొడుకు ర్యాంకు చెప్పినట్టు.

బ్యాటరీ విప్పి, ఇద్దరూ మోసుకొచ్చి స్టోరు రూంలో పెట్టారు. శనక్కాయల మూటలు పెట్టుకునే చిన్న గది అది. ఉన్న ఒక్క కిటికీ వేడిగాలికి, దుమ్ముకు భయపడి మూసే ఉంచుతాం. బావ స్క్రూడ్రైవరు తీసి బ్యాటరీ నెత్తిన ఉన్న స్టిక్కరు గీకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండారు బావా?"

"మూతలు ఎతుకుతాండా. నీళ్ళు పోయాల గదా."

"దానికి మూతలుండవు బావా. అది సీల్డ్ బ్యాటరీ. నీళ్ళు పొయ్యకూడదు."

ఆయన నా వైపు చూడలేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఏమప్పా, మీ టీచరమ్మ ఏమంటాండాది? నీళ్ళు లేని బ్యాటరీ యాడన్నా ఉంటాదా?" అన్నాడు. "కంపెనీ నాకొడుకులు మూతలు దాచిపెట్టి అమ్ముతాండారు. మళ్ళీ మళ్ళీ కొనాలని."

స్టిక్కరంతా గీకాడు. మూతలు దొరకలేదు. స్క్రూడ్రైవరు మొన వంగింది.

నేను లోపలికి పోయి బ్యాటరీతో వచ్చిన కాగితం తెచ్చాను. ఇలాంటి బ్యాటరీకి పద్నాలుగున్నర వోల్టులు దాటనివ్వకూడదనీ, నిండగానే తనంతట తాను తగ్గిపోయే ఛార్జరే వాడాలనీ, గాలి ఆడేచోట పెట్టాలనీ అందులో స్పష్టంగా ఉంది. పక్కనే బొమ్మలు కూడా వేశారు. అగ్గిపుల్ల మీద అడ్డగీత, కళ్ళకు అద్దాలు, పేలిపోతున్న డబ్బా. చదువు రానివాడికి కూడా అర్థం కావాలని వేసిన బొమ్మలు. చదువు వచ్చి చూడనివాళ్ళకు ఏ బొమ్మ వెయ్యాలో పాపం వాళ్ళకు తోచినట్టు లేదు.

"కాగితం సూపిస్తే బ్యాటరీ ఎక్కుతాదామ్మా?" అన్నాడు బావ. మా ఆయన నవ్వాడు. అన్న జోకు వేస్తే నవ్వడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు.

క్లిప్పులు తగిలించాడు. ప్లస్సుకు ప్లస్సే తగిలించాడులే, అంతవరకు న్యాయంగా చెప్పాలి. తర్వాత గుబ్బ పట్టుకుని చివరిదాకా తిప్పాడు. ముల్లు ఎగిరి అవతలి అంచుకు కొట్టుకుంది. డబ్బా గుయ్యిమంది.

"అంత పెట్టకండి బావా."

"శానా దిగిపోయింది గదమ్మా, గట్టిగా పెడితేనే లేస్తాది. అన్నం లేక పడిపోయినోనికి ఒక ముద్దతో సరిపెడతారా?"

ఇక్కడ నా గురించి కూడా చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు జింకు ముక్కల మీద ఆసిడ్ పోసి, పరీక్షనాళిక మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టి, హైడ్రోజన్ ఎట్లా టప్పుమంటుందో చూపించే మనిషిని నేను. ఎక్కువ కరెంటు పోతే బ్యాటరీలోంచి వచ్చేది ఆ గాలే అని నాకు తెలుసు. సీలు వేసిన డబ్బాలో అది పోవడానికి చోటు తక్కువని కూడా తెలుసు. అన్నీ తెలిసి నేను చేసిందేంటి? వంటింట్లోకి పోయి బావకు టీ పెట్టాను. చక్కెర ఎక్కువ వేసి. నా పద్దెనిమిదేళ్ళ సైన్సు ఆ గ్లాసులో కలిపి ఆయనకే ఇచ్చాను.

మధ్యాహ్నం కోడికూర, సంగటి తిని అన్నదమ్ములిద్దరూ ఫ్యాను కింద పడుకున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. రెండు గంటలప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది. మొదట చెత్తబుట్ట చూశాను. తర్వాత ఫ్రిజ్ తెరిచి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది బ్యాటరీ.

స్టోరు రూం తలుపు తోస్తే వాసన మొహాన కొట్టింది. కళ్ళు మండాయి, గొంతు పట్టుకుంది. బ్యాటరీ పక్కలు రెండూ పూరీలా పొంగి ఉన్నాయి. నెత్తిన ఒక మూల నుంచి సన్నగా బుస్సుమని చప్పుడు. ఆ మూలనే తడిగా ఏదో కారి నేల మీద మడుగు కట్టింది. ఛార్జరు ఇంకా గుయ్యిమంటూనే ఉంది, తన పని తాను బ్రహ్మాండంగా చేస్తున్నట్టు.

క్లిప్పు లాగబోయాను. చెయ్యి సగం దూరం పోయి ఆగింది. కరెంటు ఉండగా లాగితే నిప్పురవ్వ లేస్తుంది. స్విచ్చు ఆ గది గోడకే, బ్యాటరీకి జానెడు దూరంలో ఉంది. దాన్ని నొక్కినా లోపల చిన్న రవ్వ లేవొచ్చు. వెనక్కి వచ్చి, వరండాలోకి పరిగెత్తి, ఇంటి మెయిన్ దించేశాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బయటి నుంచి చుట్టూ తిరిగి పోయి స్టోరు కిటికీ రెక్కలు లాగి తెరిచాను.

ఫ్యాను ఆగేసరికి బావకు మెలకువ వచ్చింది. "కరెంటు పోయినాదా?" అనుకుంటూ లేచాడు. నేను తిరిగి లోపలికి వచ్చేసరికి స్టోరు రూం వైపు నడుస్తున్నాడు. నోట్లో బీడీ. చేతిలో అగ్గిపెట్టె. పుల్ల తీస్తున్నాడు.

పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బావా, బీడీ ముట్టించొద్దు. లోపల గ్యాసు నిండింది."

"గ్యాసు బండ ఈడెందుకుంటాది? జరుగమ్మా, నా ఛార్జరు చూసుకోవాల."

"బ్యాటరీ గ్యాసు బావా. పేలుతుంది."

"యురేనియమే చూసినోణ్ణి..." అంటూ పుల్ల గీయడానికి పెట్టె ఎత్తాడు.

కొట్టాను. ఆయన చేతి మీద, అరచేత్తో, ఫెళ్ళున. అగ్గిపెట్టె ఎగిరి హాల్లో పడింది, పుల్లలు చెల్లాచెదురయ్యాయి. బీడీ పెదవికి అంటుకుని వేలాడింది. దాన్ని కూడా లాగి పారేశాను.

పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా బావ ఎదుట నేను మంచం మీద కూర్చోలేదు. ఆయన నా మొహం చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. అప్పటికి మా ఆయన కూడా లేచి వచ్చాడు.

"ఏందే ఇది? అన్న మీద చెయ్యెత్తుతావా?"

"లోపలికి చూడండి. ఇక్కణ్ణుంచే చూడండి, పోకండి."

ఆయన నా భుజం మీదుగా తొంగిచూశాడు. పొంగిన బ్యాటరీ కనపడింది, బుస్సుమనే చప్పుడు వినపడింది. ఆయన మొహం మారిపోయింది. కానీ నోరు తెరవలేదు. బావ మాత్రం చూడనే లేదు. చెప్పులేసుకుని, "ఇంగ ఈ గడప తొక్కను" అని స్కూటరెక్కి పోయాడు. తొక్కకపోతే ఎవరికి నష్టమో ఆలోచించలేదు.

గంటసేపు ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వలేదు. చప్పుడు ఆగి, వాసన తగ్గాక నేనే పోయి క్లిప్పులు తీశాను. కారిన ఆసిడ్ మీద వంటసోడా నీళ్ళు పోస్తే బుసబుసా నురగ వచ్చింది. తర్వాత బక్కెట్లతో కడిగాను. చేతులు, మొహం చాలాసేపు పంపు కింద పెట్టుకున్నాను. మూడు మూటల శనక్కాయలు పారబోయాల్సి వచ్చింది.

బ్యాటరీ చల్లబడ్డాక, సాయంత్రం ఐదింటికి, దాన్ని ఆటోలో ఎక్కించుకుని మేమిద్దరం అంగడికి పోయాం. అంగడి నడిపేది ఒకావిడ. నలభై అయిదేళ్ళుంటాయి, కోడుమూరులో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన మనిషి. బ్యాటరీని చూసింది, మమ్మల్ని చూసింది.

"ఏమప్పా, దీన్ని ఎవరు ఇట్ల చేసినారు?" అంది మా ఆయనతో.

మా ఆయన చెప్పులు చూసుకున్నాడు. "పాత ఛార్జరు పెట్టినాం. లారీలదీ..."

"పాలసీసా పట్టాల్సిన బిడ్డకు బోరు పైపు పెట్టినారు" అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి చీర కొంగు పట్టుకుని చూసింది. కాటన్ చీర. బాగానే ఉందనుకున్నాను. ఆవిడ రెండు వేళ్ళతో ఒకచోట మెల్లగా నొక్కింది. బట్ట మట్టిలా రాలి, వేలు ఇవతలికి వచ్చింది.

"ఆసిడ్ పడింది. రేపు ఉతికితే జల్లెడ అవుతాది. మీ ఒంటి మీద పడలేదు గదా? కండ్లు కడుక్కున్నారా?"

"కడుక్కున్నా."

"ఎంతసేపు?"

"పావుగంట పైనే."

"మేలు" అంది.

అంగడి ముందర కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఆవిడ భర్త. ఎడమ కన్ను ఉండాల్సిన చోట చర్మం ముడుచుకుపోయి ఉంది. మా ఆయన అది చూసి చూపు తిప్పుకున్నాడు. కుర్చీలోని ఆయనే మమ్మల్ని పలకరించాడు.

"మా అంగట్లోనే అప్పా. లారీ బ్యాటరీ ఛార్జింగులో ఉన్నింది. బీడీ నోట్లో పెట్టుకోని వంగినా, ఎంత ఎక్కిందో చూద్దామని. రెండు దమ్ములు పీల్చినా. మూడోది లేదు."

మా ఆయన ఎర్రగా కందిపోయాడు. ఆయన బీడీ తాగడు, కానీ పొద్దున అన్న జోకుకు నవ్విన నవ్వు గుర్తొచ్చి ఉంటుంది. గుర్తురావాలనే నేను కోరుకున్నాను.

పొంగిన బ్యాటరీకి మళ్ళీ ఛార్జింగు పెట్టే ప్రసక్తే లేదని ఆవిడ దాన్ని బయటే తీసిపెట్టింది. కొత్తది ఇచ్చింది. దానితో పాటు, నేను అడిగితే, చిన్న ఛార్జరు ఒకటి తీసి చూపించింది. అన్నం డబ్బా అంత ఉంది. మీద బ్యాటరీ రకం ఎంచుకునే మీట ఒకటి.

"మీ బ్యాటరీ మీద ఏ రకమని రాసుంటే ఈడ అదే పెట్టండి. నిదానంగా ఎక్కిస్తాది, పొద్దున పెడితే సాయంత్రం అవుతాది. నిండితే అదే ఆగిపోతాది. ముందు క్లిప్పులు, తర్వాత కరెంటు. తీసేటప్పుడు ముందు కరెంటు, తర్వాత క్లిప్పులు. నీడలో, గాలాడే చోట. వేడెక్కినా, ఉబ్బినా ఆపేసి నా దగ్గరికి తీసుకరండి." ఒక్కో మాటకు ఒక్కో వేలు మడిచింది. బావ యురేనియం గురించి చెప్పే దానిలో పదోవంతు సమయం కూడా పట్టలేదు. ఆ ఛార్జరు కూడా కొనేశాను.

మరుసటి రోజు బడికి కారులోనే పోయాను. కానీ నేను అనుకున్నట్టు కథ అక్కడ అయిపోలేదు. వారం తిరిగేలోగా చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. "బావను కొట్టినావంట?" అని ఒకరు. "చదువుకున్న దానివి, పెద్దాయన మీద చెయ్యెత్తుతారా?" అని ఇంకొకరు. కడపలో ఉండే మా ఆయన మేనత్త అరగంట మాట్లాడింది. మెట్టినింటి పద్ధతులన్నీ చెప్పింది. బ్యాటరీ ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఇల్లు ఉందా కాలిందా అని కూడా అడగలేదు. బావ టీ అంగడి దగ్గర చెప్పిన కథలో బ్యాటరీయే లేదని నాకు తర్వాత తెలిసింది. బీడీ తాగుతుంటే మరదలు కొట్టిందట, అంతే.

"ఒక్క మాట తప్పయిందని అంటే పోతాది గదా" అన్నాడు మా ఆయన.

"ఏం తప్పయిందని చెప్పను? మీ అన్న బతికున్నందుకా?"

నెల రోజులు ఇంట్లో ఆ మాటల మధ్యే తిరిగాం. ఆ నెలలో మా ఆయన మీద నాకు కలిగినంత చిన్నచూపు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. తలుపు దగ్గర నిలబడి తన కళ్ళతో చూసిన మనిషి, చూసింది చెప్పడానికి నోరు రాని మనిషి. బావకు తెలియదు, ఆయన్ను ఏమనుకున్నా అంతవరకే. ఈయనకు తెలుసు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఆయన పెరట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు, అవతల కడప మేనత్త. నేను వచ్చింది చూడలేదు. "కాదత్తా, నా మాట ఇను" అంటున్నాడు, గొంతు తగ్గించి, ఎవరో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "ఆయమ్మి కొట్టకపోయింటే అన్నకు మొగమే ఉండేది కాదు. నేను సూసినా. నవ్వుకుంటా అన్నకు వంతపాడింది నేనే. తప్పు మాది. ఇంగ ఈ సంగతి ఎత్తద్దు."

నెల ఆలస్యంగా, పెరట్లో, గుసగుసగా. అయినా చెప్పాడు. నేను చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయి, ఇద్దరికీ టీ పెట్టాను. ఫోన్లు ఆగిపోయాయి.

వానాకాలంలో, బావ వాళ్ళు ఈమధ్యే కొన్న కారు బ్యాటరీ దిగిపోయింది. అది కూడా సీల్డే. ఆయన రాలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, "మీ ఇంట్లో ఆ చిన్న ఛార్జరు ఉండాదంట గదా" అన్నాడట. నా పేరు ఎత్తలేదు. బ్యాటరీ ఆటోలో వచ్చింది. ఉబ్బలేదని, పగుళ్ళు లేవని చూసుకుని వరండాలో నీడన పెట్టాను, మీద రాసి ఉన్న రకం చూసి మీట పెట్టాను, క్లిప్పులు తగిలించి స్విచ్చు వేశాను. సాయంత్రానికి పచ్చలైటు వెలిగింది.

తీసుకుపోవడానికి బావే వచ్చాడు. గడప తొక్కనన్నాడు కాబట్టి గేటు అవతలే నిలబడ్డాడు. మా ఆయన బ్యాటరీ మోసుకెళ్ళి స్కూటరు ముందు పెట్టాడు. బావ దాన్ని అటూ ఇటూ తడిమి చూశాడు.

"ఎంతసేపు పెట్టినావమ్మా?" అన్నాడు. సూటిగా నాతోనే.

"పొద్దున తొమ్మిదికి. నిండినాక అదే ఆగింది."

"అదే ఆగుతాదా?"

"ఆగుతాది బావా."

బావ బ్యాటరీని స్కూటరు మీద సర్దుకున్నాడు. "మంచి డబ్బానే" అని, స్కూటరు స్టార్ట్ చేసుకుని పోయాడు.

అది క్షమాపణే అని మా ఆయన అంటాడు. అన్న అంతకంటే వంగడు, అదే ఎక్కువ అనుకో అంటాడు. ఆయన మెచ్చుకుంది ఛార్జరునని నేనంటాను. ఇప్పటికీ ఆ సంగతి మీద మా ఇద్దరికీ పొసగదు.